కిటికీ రిజిస్టరు

మా అన్నయ్యకి తిన్నగా ఉన్న అక్షరాల కంటే తిరగబడిన అక్షరాలే తొందరగా తెలిసేవి. ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ ముద్రణాలయంలో సీసపు అక్షరాలు పేర్చినవాడు మరి. సీసం మీద ప్రతి అక్షరమూ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. కాగితం మీద పడ్డాకే తిన్నగా అవుతుంది. అందుకని ప్రెస్సులో చిన్నా పెద్దా అందరూ అన్నయ్యని ‘అద్దం’ అనేవాళ్ళు. ఇంట్లో కూడా అంతే. పొద్దున్నే వదిన పేపరు చదువుతుంటే ఎదురుగా కుర్చీ వేసుకుని, ఆమె ఒళ్ళో పరుచుకున్న పేజీనే తలకిందులుగా చదివేసి వార్తలన్నీ చెప్పేసేవాడు. “కాస్త ఆగండీ, నన్ను కూడా ఏదో ఒకటి కొత్తగా తెలుసుకోనివ్వండి!” అని వదిన విసుక్కునేది.

నాకేమో ముక్కు మీద కోపం. ఇది నాకు నేను చెప్పుకునే మాట కాదు, ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కిన మాట. ఎలా ఎక్కిందో చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

మా ఆయన పోయేనాటికి నా కూతురికి నాలుగేళ్ళు. నాకు చదువు అంతంతమాత్రం. అన్నయ్యే నన్ను తీసుకెళ్ళి ప్రెస్సులో బైండింగ్ విభాగంలో చేర్పించాడు. మేడ మీద కంపోజింగ్ హాలు, కింద మా బైండింగ్ హాలు. నలభైమంది ఆడవాళ్ళం. పొడుగాటి బల్లలు, ఎత్తయిన కిటికీలు, మూలన జిగురు ఉడికే గిన్నె. అచ్చయిన పెద్ద కాగితాన్ని ముందు సగానికి, తరవాత మళ్ళీ సగానికి మడిచి, చెక్కముక్కతో అంచు నొక్కాలి. అలా మడిచిన వాటిని వరసలో ఏరుకుంటూ బల్ల చుట్టూ తిరగాలి. ఒక్క పుస్తకానికి బల్ల చుట్టూ ఒక్క తిరుగుడు. రోజుకి ఎన్ని మైళ్ళు నడిచేవాళ్ళమో ఆ దేవుడికే తెలియాలి. బడిపిల్లల పుస్తకాలూ, ఆసుపత్రి చీటీలూ, భూముల రిజిస్టర్లూ, అన్నీ మా చేతుల మీదుగానే లోకంలోకి వెళ్ళేవి. మధ్యాహ్నం గంట కొట్టగానే అన్నయ్య నల్లటి వేళ్ళతో మెట్లు దిగి వచ్చేవాడు. ఒంటినిండా కిరసనాయిలు వాసన, అక్షరాలు కడిగేది దాంతోనే కదా. “అద్దం వచ్చింది, బొట్లు సరిచేసుకోండర్రా!” అని మావాళ్ళు ఏడిపించేవాళ్ళు. పాపం, నోట్లో నాలుక లేనివాడు. నవ్వేసి నా పక్కన కూచుని తినేవాడు.

అంత నోరులేని మనిషిని యూనియన్ కార్యదర్శిగా ఎందుకు ఎన్నుకున్నారని మీరు అడగచ్చు. దానికో కారణం ఉంది. మూడేళ్ళకోసారి మా యూనియన్‌కీ ప్రభుత్వానికీ ఒప్పందం కుదరాలి. ఒక పొడుగాటి బల్లకి అటువైపు ఆఫీసర్లు, ఇటువైపు మేము అయిదుగురం. వాళ్ళు తమ కాగితాలు ముందు పరుచుకుని కూచుంటారు. ఎంతవరకూ దిగిరావచ్చో, ఏది ససేమిరా ఒప్పుకోకూడదో, అన్నీ వాటి మీదే రాసి ఉంటాయి. మనకి అటునుంచి అవన్నీ తలకిందులు, ఎవరికీ ఏమీ తెలియదు. అన్నయ్యకి మాత్రం అవి పిల్లల వాచకమంత సులువు. పైగా తన పుస్తకంలో తను రాసుకునేది తిరగబడిన అక్షరాలతో! వాళ్ళు తొంగిచూసినా ఒక్క ముక్క అర్థం కాదు. వాళ్ళు “ఇంతకంటే కుదరదు” అన్నప్పుడు అన్నయ్య పెన్సిలు కింద పెట్టాడంటే, కుదురుతుందన్నమాట. మేం ఇంకాస్త గట్టిగా పట్టుబట్టేవాళ్ళం. నేను బైండింగ్ తరఫున కమిటీలోకి వచ్చిన కొత్తలో, “ఇది తప్పు కాదూ అన్నయ్యా?” అని అడిగాను. “ఎదురుగా పరిచి పెట్టుకుంటే నేను కళ్ళు మూసుకుని కూచోవాలేమిటే?” అన్నాడు.

అయినా అన్నయ్య గర్వమంతా యూనియన్ మీద కాదు, బడ్జెట్ మీద.

ప్రతి ఏడూ బడ్జెట్ పుస్తకాలు మా ప్రెస్సులోనే అచ్చయ్యేవి. అది సభలో చదివేదాకా బయటికి పొక్కకూడదు. అందుకని వెనక భాగంలో ఉన్న పాత భవనంలో, ఏరికోరిన ఇరవైమందిని పదిరోజులపాటు లోపల పెట్టి తాళం వేసేవాళ్ళు. టెలిఫోను తీగ కోసేసేవాళ్ళు. కిటికీలకి అట్టలు కొట్టేసేవాళ్ళు. ఒక్క కాగితం ముక్క లోపలికి పోకూడదు, బయటికి రాకూడదు. లోపలికి వెళ్ళేముందు ఒక్కొక్కరూ నించుని, చూసిందీ చదివిందీ ఎవరికీ చెప్పనని ప్రమాణం చేయాలి. ఆడవాళ్ళని రాత్రిళ్ళు లోపల ఉంచరాదని మా నలభైమందిలో ఒక్కరినీ రానిచ్చేవాళ్ళు కాదు. కుట్టేపనికి ఎవరో మగవాళ్ళని పిలిపించేవాళ్ళు. ఆ కుట్లు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

అన్నయ్య ఇరవై రెండేళ్ళు వరసగా వెళ్ళాడు. అంకెల పట్టికలు పేర్చడంలో తనంతటివాడు లేడు. వారం ముందునుంచే పరుపుచుట్ట ఎండలో వేసేవాడు. ఇస్త్రీచొక్కా వేసుకుని, పెళ్ళికి వెళ్ళేవాడిలా బయల్దేరేవాడు. “ఏ వస్తువు మీద పన్ను పెరుగుతుందో ఒక్కటి చెప్పకూడదూ, నాలుగు కొనిపెట్టుకుంటాను కదా!” అని వదిన ప్రతి ఏడూ అడిగేది. అన్నయ్య రెండు చేతులతోనూ నోరు మూసుకుని చూపించేవాడు. బయటికొచ్చిన రోజు రాత్రి రేడియోలో మంత్రి ప్రసంగం మళ్ళీ వేస్తుంటే, అన్నయ్య పెదాలు ఆయన కంటే ఒక మాట ముందే కదిలేవి. ఆ సంతోషం చూడాలి మీరు.

ఆ పదిరోజులూ ఇంటివాళ్ళు అన్నం ఇవ్వడానికి ఒకే ఒక్క కిటికీ ఉండేది. కమ్మీల వెనక మనిషి, కమ్మీల ముందు మనం, పక్కన స్టూలు మీద గార్డు. ఆయన పని ఏమిటంటే, కిటికీ దగ్గర ఎవరు ఏం మాట్లాడినా అక్షరం పొల్లుపోకుండా రిజిస్టర్లో రాసుకోవడం. మేం ఆయనకి చిత్రగుప్తుడు అని పేరు పెట్టాం. పని మీద ఎంత భక్తో! “అమ్మా, కొంచెం నెమ్మదిగా మాట్లాడాలి. ఉప్పు సరిపోయిందా అన్నదాకా వచ్చింది, ఆ తరవాత ఏమన్నారు?” అని అడిగేవాడు. వదిన వండిన కూరల్లో ఏ రోజు ఏది మాడిందో ఇవాళ్టికీ ప్రభుత్వం దగ్గర లెక్క ఉంటుంది.

ఇంక ఆ ఏటి సంగతి. ఖజానా ఖాళీ అన్నారు. రోజూ అదే పాట. సగం ట్యూబులైట్లు ఊడదీసుకుపోయారు. పాత పెన్సిలు ముక్క చూపిస్తే గానీ కొత్త పెన్సిలు ఇవ్వం అన్నారు. చివరికి జీతాలు ఆపేశారు. ఒక నెల ఎలాగో గడిచింది. రెండో నెల కూడా ఆగేసరికి మా హాల్లో మధ్యాహ్నం గంట కొట్టినా కొందరు డబ్బా తెరవడం మానేశారు. తెరిస్తే ఏముంది కనక? అదే సమయానికి పాత ఒప్పందం గడువు తీరింది. నాలుగుసార్లు బల్ల దగ్గర కూచున్నాం, నాలుగుసార్లూ వట్టి చేతులతో లేచాం. అయిదోసారి ఎప్పుడో చెప్పకుండానే బడ్జెట్ రోజులు వచ్చేశాయి.

“ఈసారి వెళ్ళకు అన్నయ్యా. నువ్వు లేకపోతే బల్ల దగ్గర మేం గుడ్డివాళ్ళమే,” అన్నాను.

“బడ్జెట్ చదివేదాకా వాళ్ళు మనల్ని పిలవరే. పదిరోజుల్లో వచ్చేస్తాగా,” అన్నాడు. వెళ్ళకుండా ఉండలేడని నాకూ తెలుసు. పరుపుచుట్ట చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సరిగ్గా ఆరో రోజున మిగిలిన నలుగురినీ పిలిచారు. ఖజానా ఆఫీసరు అని ఒకాయన ఉండేవాడు. ఎప్పుడూ జలుబు, చేతిలో రుమాలు, మాట మాత్రం వెన్నలా ఉంటుంది. మాకు కుర్చీలు తనే జరిపాడు. మూడేళ్ళదాకా జీతాలు పెంచమని అడగకూడదు, ప్రభుత్వం చేసే పొదుపు మీద మూడేళ్ళదాకా సమ్మెకి దిగకూడదు. ఈ రెండూ ఒప్పుకుంటే ఆగిపోయిన జీతాలు ఎల్లుండే ఇచ్చేస్తాం అన్నాడు.

“మరి ఉద్యోగాలు?” అని అడిగాను.

“ఒక్కరిదీ పోదమ్మా. హామీ నాది.”

“అదే కాగితం మీద రాయండి.”

ఆయన రుమాలుతో ముక్కు తుడుచుకుని నవ్వాడు. “పోనిదాన్ని పోదని రాయడం దేనికి? రాస్తే మీవాళ్ళకే లేనిపోని భయం కదా. మీ అన్నగారి వయసువాణ్ణి, నా మాట మీద నమ్మకం లేదా?”

ఆయన కాగితాలు ఆయన ముందే పరిచి ఉన్నాయి. చూశాను. నా కళ్ళకి తలకిందులుగా ఉన్న చీమల బారు. అన్నయ్య కుర్చీ ఖాళీగా ఉంది. హాల్లో తెరవని డబ్బాలు గుర్తొచ్చాయి, ఫీజు కట్టలేదని బళ్ళో బయట నించోబెట్టిన నా కూతురు గుర్తొచ్చింది. సంతకం పెట్టేశాను. నేను పెట్టాక మిగతా ముగ్గురూ పెట్టారు. కిందకి దిగి, జీతాలు వస్తున్నాయని మా హాల్లో చెప్పినప్పుడు ఆడవాళ్ళందరూ నన్ను ఎత్తి బల్ల మీద కూచోబెట్టారు. ఆ పూట నా అంత గొప్పది లేదనుకున్నాను.

అయితే కార్యదర్శి సంతకం లేకుండా ఒప్పందం చెల్లదు. మా డైరెక్టరే స్వయంగా ఆ కాగితం పట్టుకుని తాళాల భవనంలోకి వెళ్ళాడు. పావుగంటలో మొహం మాడ్చుకుని తిరిగొచ్చాడు. “మీ కార్యదర్శి సంతకం పెట్టడు సరికదా, కాగితం ముట్టుకోను కూడా లేదు. బడ్జెట్ కాగితం తప్ప ఇంకో కాగితం లోపలికి రాకూడదట. నాకే రూలు చెప్పి పంపించాడు,” అన్నాడు. నన్ను బల్ల ఎక్కించినవాళ్ళు నన్నే చూస్తున్నారు. “మీ అన్నకి ఏం పోయిందమ్మా, లోపల కూచుంటే క్యారియరొస్తుంది!” అని ఎవరో అన్నారు. తల కొట్టేసినట్టయింది.

మర్నాడు మధ్యాహ్నం వదిన దగ్గర క్యారియరు లాక్కుని నేనే కిటికీ దగ్గరికి వెళ్ళాను. అన్నయ్య కమ్మీల వెనక నించున్నాడు. గడ్డం పెరిగింది, కళ్ళు లోపలికి పోయాయి. చిత్రగుప్తుడు పెన్సిలు తీశాడు.

“సంతకం ఎందుకు పెట్టలేదు?” అన్నాను.

“కాగితం లోపలికి రాకూడదే.”

“ఎప్పుడూ లేని రూలు ఇప్పుడే గుర్తొచ్చిందా?”

“ఎప్పుడూ ఉంది.”

“డైరెక్టరే తెస్తే నీకేం నొప్పి?”

అన్నయ్య కమ్మీ పట్టుకుని నా మొహంలోకి చూశాడు. ఏదో అనబోయాడు. పక్కన కదులుతున్న పెన్సిలు వైపు చూసి ఆగిపోయాడు. “బయటికొచ్చాక చూద్దాం. అన్నం పెట్టి వెళ్ళమ్మా,” అన్నాడు.

అలా నిమ్మకు నీరెత్తినట్టు అంటుంటే నా ఒళ్ళు మండిపోయింది. నోటికి ఎంతొస్తే అంతా అనేశాను. ఏమన్నానో నాకిప్పటికీ కంఠతా వచ్చు. ఎందుకొచ్చో తరవాత చెప్తాను. “నీకు సీసం తప్ప మనుషులు కనపడరు. లోపల మూడు పూటలా తిని పడుకుంటున్నావు, బయట నలభై ఇళ్ళల్లో పొయ్యి ఎలా వెలుగుతోందో నీకేం పట్టింది? నీ మేనకోడల్ని బళ్ళో బయట నించోబెడుతున్నారు, తెలుసా? నీ అక్షరాలు నువ్వే పేర్చుకో, నువ్వే చదువుకో. ఈ రోజు నుంచీ నాకు అన్న లేడు.”

చిత్రగుప్తుడు తలెత్తకుండా రాస్తూనే ఉన్నాడు. ‘లేడు’ దగ్గర చుక్క పెట్టిన చప్పుడు కూడా నాకు వినపడింది. క్యారియరు ఇవ్వకుండానే వచ్చేశాను. ఇల్లు చేరేదాకా గుర్తురాలేదు, ఆ రోజు అన్నయ్య ఏం తిన్నాడో ఎవరికీ తెలియదు.

మూడు రోజులకి బడ్జెట్ చదివారు. మా హాల్లో జిగురు గిన్నె పక్కన రేడియో పెట్టుకుని, చేతులు ఆపకుండానే వింటున్నాం. పన్నులన్నారు, రోడ్లన్నారు. తరవాత మంత్రి గొంతు సవరించుకుని పొదుపు చర్యలు అన్నాడు. ఒకటీ రెండూ చదివి, “ప్రభుత్వ ముద్రణాలయంలోని బైండింగ్ విభాగం ఈ ఏడాదితో రద్దవుతుంది,” అన్నాడు. ఆ వెంటనే ఇంకేదో చదువుకుంటూ పోయాడు.

నలభైమంది చేతులు ఆగిపోయాయి. మూడేళ్ళదాకా సమ్మె చేయబోమని రాసిచ్చిన కాగితం మీద మొదటి సంతకం నాదే. అప్పుడు మాలో పెద్దావిడ, ముప్పై ఏళ్ళనుంచీ సూదిపని చేస్తున్న మనిషి, మెల్లిగా నా భుజం పట్టుకుంది. “అమ్మాయ్, మీ అన్న సంతకం పెట్టలేదుగా?” అంది.

అప్పుడు తెలిసింది నాకు. ఆ పంక్తి పేర్చింది అన్నయ్యే. ముద్రణాలయం పద్దులో మా విభాగం పేరు, దాని ఎదురుగా అంకె ఉండాల్సిన చోట ఒక గీత. ఆ గీత తన వేళ్ళతోనే పెట్టాడు. నా ఉద్యోగానికి, నా కూతురి బడికి గీత పెట్టి, నేను కిటికీ దగ్గరికొచ్చి తిడుతుంటే వింటూ నించున్నాడు. అక్షరాలు పేర్చేవాడు వాటిని చదవడని ఆఫీసర్ల నమ్మకం. అందుకే ధైర్యంగా ఆ ఒప్పందం కాగితాన్ని లోపలికి పంపించారు.

ఆ మధ్యాహ్నమే తాళాలు తీశారు. ఒక్కొక్కరే పరుపుచుట్టలతో బయటికొస్తున్నారు. నేను గేటు పక్కన నించున్నాను. కాళ్ళ మీద పడదామనుకున్నాను. అన్నయ్య నా దగ్గర ఆగి, “పోయిన వారం స్టీలు గిన్నె లోపలే మర్చిపోయానే. మీ వదినకి చెప్పకు,” అన్నాడు. అంతే. గేటు ముందు నించుని ఏడ్చేశాను. “ఛ, ఊరుకో. ముందు నోటీసు రాద్దాం పద,” అని యూనియన్ గదిలోకి నడిచాడు. గంటలో సమ్మె నోటీసు డైరెక్టరు బల్ల మీద ఉంది.

పందొమ్మిది రోజులు ప్రెస్సు గేటు ముందే కూచున్నాం. ఊళ్ళో ఒక్క ఫారం లేదు, ఒక్క రసీదు పుస్తకం లేదు. బళ్ళు తెరిచే రోజు దగ్గరికొస్తోంది, పిల్లల పుస్తకాలు మడవని కాగితాలుగా గోదాములో పడి ఉన్నాయి. ఇరవయ్యో రోజున మళ్ళీ బల్ల దగ్గరికి పిలిచారు. ఈసారి ఆ జలుబు ఆఫీసరు కాగితాలన్నీ ఫైల్లో మూసిపెట్టుకుని కూచున్నాడు, ఎవరు చెప్పారో ఏమో! అయినా పని జరిగింది. ఆగిన జీతాలు వచ్చాయి, పెంపు మాత్రం రాలేదు. మా నలభైమందిలో ఎవరినీ తీయకూడదు, రిటైరైన వాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళని తీసుకోకూడదు. దానికి ఒప్పుకున్నాం. ఒక్కొక్కరి పేరూ కాగితం మీద రాయించాకే అన్నయ్య సంతకం పెట్టాడు.

ఓడిపోయినవాళ్ళు ఊరికే ఉంటారా? నెల తిరక్కుండా అన్నయ్య మీద విచారణ వేశారు. బడ్జెట్ రహస్యాన్ని చెల్లెలికి చేరవేశాడనీ, అందుకే గంటలో నోటీసు తయారైందనీ అభియోగం. రుజువైతే ఉద్యోగం పోతుంది, జైలు కూడానట. వదిన మంచం పట్టింది. నేను ప్రతివాళ్ళ దగ్గరికీ పరిగెత్తాను. చెప్పలేదని రుజువు చేయడం ఎలా? చెప్పినదానికైతే సాక్షి ఉంటాడు గానీ, చెప్పనిదానికి ఎవరుంటారు?

విచారణ గదిలో ముగ్గురు ఆఫీసర్లు. అన్నయ్య ఇస్త్రీచొక్కాతో నించున్నాడు. “కిటికీ దగ్గర మీ చెల్లెలితో మాట్లాడారా?” “మాట్లాడానండి.” “ఏం మాట్లాడారు?” “రిజిస్టర్లో ఉంటుందండి,” అన్నాడు. చిత్రగుప్తుణ్ణి పిలిపించారు. ఆయన అద్దాలు పెట్టుకుని, తేదీ చదివి, సమయం చదివి, పద్దు చదివినట్టు చదవడం మొదలుపెట్టాడు. ‘సీసం తప్ప మనుషులు కనపడరు’ దగ్గర ఒక ఆఫీసరు తల ఎత్తాడు. ‘మూడు పూటలా తిని పడుకుంటున్నావు’ దగ్గర ఇంకొకాయన కిటికీలోంచి బయటికి చూశాడు. నేను గోడకి ఆనుకుని, భూమి చీలితే బాగుండనుకుంటూ నించున్నాను. “ఈ రోజు నుంచీ నాకు అన్న లేడు. సమయం ఒంటిగంటా పది. క్యారియరు ఇవ్వకుండా వెళ్ళిపోయెను,” అని చదివి రిజిస్టరు మూశాడు.

మధ్యలో ఉన్న పెద్ద ఆఫీసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “రహస్యం తెలిసిన మనిషి మాట్లాడే మాటలు కావివి. ఇతను సొంత చెల్లెలికి కూడా చెప్పలేదు,” అన్నాడు. కేసు కొట్టేశారు.

బయటికొచ్చాక చిత్రగుప్తుడు నా దగ్గరికొచ్చి, “ఏమనుకోకమ్మా, నేను అక్షరం కూడా వదలకూడదు. అయినా మీరు వెళ్ళిపోతూ గొణిగిన రెండు ముక్కలు మాత్రం రాయలేదు, బాగుండదని,” అన్నాడు. మా అన్నయ్య విరగబడి నవ్వాడు. అంతలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ రోజు దారిలో అడిగాను. “బల్ల మీద వాళ్ళ కాగితాలు చదివి మాకు చెప్పేవాడివి కదా అన్నయ్యా. ఇదెందుకు చెప్పలేదు? ఒక్క సైగ చేసినా నేను అన్ని మాటలు అనేదాన్ని కాదు.”

“అది నేను దాస్తానని ఎవరికీ మాటివ్వలేదే. ఇది మాటిచ్చాను,” అన్నాడు. కాసేపు నడిచి, “సంతకం పెడితే నీకు అబద్ధం చెప్పినట్టు. ఎందుకు పెట్టలేదో చెప్తే మాట తప్పినట్టు. మధ్యలో ఆ రూలొకటి దొరికింది, పట్టుకుని వేలాడాను. తిట్లు తినడానికి మాత్రం ఏ రూలూ అడ్డు రాలేదు,” అన్నాడు.

కేసు కొట్టేశారు గానీ అన్నయ్యని మళ్ళీ ఎప్పుడూ బడ్జెట్‌కి పిలవలేదు. అనుమానం ఉందని ఎవరూ నోటితో అనలేదు, జాబితాలో పేరు రాలేదంతే. మరుసటి ఏడు అలవాటు కొద్దీ పరుపుచుట్ట ఎండలో వేశాడు. జాబితా చూసుకుని వచ్చి తనే మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. ఆ తరవాత పన్నెండేళ్ళు రసీదులూ దరఖాస్తులూ పేర్చుకుంటూ ఉండిపోయాడు. బడ్జెట్ రోజున మాత్రం ఇస్త్రీచొక్కా వేసుకుని రేడియో ముందు కూచునేవాడు. పెదాలు కదిలేవి కావు.

ఆఖరికి ప్రెస్సులోకి కంప్యూటర్లు వచ్చాయి. సీసపు అక్షరాలన్నీ తూకానికి అమ్మేశారు. గుర్తుగా ఉంటుందని తలా ఒక అక్షరం జేబులో వేసుకున్నారు. అన్నయ్య వేసుకోలేదు. “అవి ప్రభుత్వానివి,” అన్నాడు. నేను మాత్రం రిటైరయ్యేదాకా బల్ల చుట్టూ తిరిగాను. నా పేరు ఆ ఒప్పందం కాగితం మీద పదిహేడోది. నా కూతురు చదువుకుని, వాళ్ళ బళ్ళోనే పంతులమ్మ అయింది. మా హాల్లో చివరికి మిగిలింది నలుగురం. జిగురు వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నా కాళ్ళు వాటంతటవే నడవడానికి లేస్తాయి.

అన్నయ్యకి నన్ను ఏడిపించడానికి జీవితాంతం సరిపడా సరుకు దొరికింది. నేను కాస్త మెత్తగా మాట్లాడితే చాలు, “ఏమే, ఒంట్లో బాగాలేదా? ఒకసారి తిట్టు, నా ఉద్యోగం నిలబడుతుంది,” అనేవాడు. వదిన చనిపోయిన ఏడు కూడా ఆ మాటతోనే నన్ను నవ్వించాడు.

పోయిన ఏడాది అన్నయ్యని ఆసుపత్రిలో పెట్టాం. ఊపిరితిత్తులు అరిగిపోయాయన్నారు. ఒక మధ్యాహ్నం నేను గంజి కలుపుతుంటే, “కిటికీ దగ్గర చదివిన పాఠం ఒప్పచెప్పవే,” అన్నాడు. గొంతు సరిగ్గా లేదు, కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి.

“ఇప్పుడా? సిగ్గులేదూ నీకు?”

“ఒప్పచెప్పు. నువ్వు చదువు, నేను తప్పులు చూస్తా.”

చెప్పాను. సీసం తప్ప మనుషులు కనపడరు అన్నాను. మూడు పూటలా తిని పడుకుంటున్నావు అన్నాను. అన్నయ్య కళ్ళు మూసుకుని, ఒక్కొక్క మాటకీ దుప్పటి మీద వేలు కదుపుతున్నాడు. నీ అక్షరాలు నువ్వే పేర్చుకో, నువ్వే చదువుకో అన్నదాకా వచ్చి ఆగిపోయాను.

“ఇంకో వాక్యం ఉంది,” అన్నాడు.

“లేదు.”

“రిజిస్టర్లో ఉంది.”

“అచ్చుతప్పు పడింది అన్నయ్యా. కొట్టెయ్.”

కళ్ళు తెరిచి నన్ను చూశాడు. చూపుడువేలితో దుప్పటి మీద ఒక గీత గీసి, దాని చివర చిన్న సున్నా చుట్టాడు. ప్రూఫుల్లో ఒక పంక్తి తీసెయ్యడానికి పెట్టే గుర్తు అది. తరవాత గంజి తాగాడు, వేడి సరిపోలేదని కూడా అన్నాడు.